లోను కంటే ముందు లాగ్ బుక్కు: ఐస్ ఫ్యాక్టరీలకు ఇంధన పొదుపు పథకాలు

(భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీల యజమానులు, ఆపరేటర్ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. ముఖ్యంగా ఆపరేటర్లు. ఈ రోజు మాటల్లో సగం మీకోసమే.

ఇంధన పొదుపుకి సర్కారు సాయం అనగానే మొదట వచ్చే ప్రశ్న ఏంటి? సబ్సిడీ ఎంత? అంతేగా! అదే ముందు చెప్పేస్తాను, ఆ తర్వాత అసలు సంగతికి వద్దాం.

ఇంధన సంరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని కిందే 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, మనం బీఈఈ అంటాం, ఏర్పడింది. చాలా ఏళ్ళు దాని చూపంతా పెద్ద ఫ్యాక్టరీల మీదే ఉంది. సిమెంటు, స్టీలు, ఎరువులు, కాగితం, థర్మల్ కేంద్రాలు. 2012లో మొదలైన ప్యాట్ పథకం మొదటి విడతలో 8 రంగాలు, 478 యూనిట్లు. వాళ్ళకి ఇంధన వాడకం ఇంత తగ్గించాలని లక్ష్యం పెట్టారు. దాటితే సర్టిఫికెట్లు అమ్ముకోవచ్చు, అందకపోతే కొనుక్కోవాలి. మన ఐస్ ఫ్యాక్టరీలకి దాంతో పని లేదు, వదిలేద్దాం.

మనకి పని ఉన్నది అడీటీ పథకం, చిన్న, మధ్య తరహా పరిశ్రమలు ఇంధనం ఆదా చేసే యంత్రాలు పెట్టుకోవడానికి సాయం చేసేది. 2025 జూలై 15న పానిపట్‌లో ప్రారంభించారు. మొత్తం 1000 కోట్లు, 2025-26 నుంచి 2027-28 దాకా. అందులో 875 కోట్లు వడ్డీ రాయితీకి, 50 కోట్లు ఎనర్జీ ఆడిట్లకి, 75 కోట్లు అమలులో తోడ్పాటుకి. 14 రంగాల్ని తీసుకున్నారు. ఇటుకలు, సిరామిక్స్, ఫౌండ్రీ, ఫార్మా, టెక్స్‌టైల్స్, ఆహార శుద్ధి, ఇలా. ఆ పద్నాలుగులో మన ఐసు వెళ్ళే మత్స్య రంగం కూడా ఉంది. మొదటి దశలో 60 పారిశ్రామిక క్లస్టర్లు, అంటే పరిశ్రమలు గుంపుగా ఉన్న ప్రాంతాలు. మీ క్లస్టరు పేరు పోర్టల్లో ఉందో లేదో చూసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి. మన రాష్ట్రంలో ఈ వ్యవహారాలు చూసే నోడల్ ఏజెన్సీ ఏపీ స్టేట్ ఎనర్జీ కన్జర్వేషన్ మిషన్. ఏ సందేహమైనా ముందు వాళ్ళని అడగండి. మధ్యలో వచ్చే ఏజెంట్లని కాదు.

సాయం ఎంత? సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి లోను మీద 5 శాతం వడ్డీ రాయితీ. మధ్య తరహాకి 3 శాతం. మీరెందులోకి వస్తారు? 2025 ఏప్రిల్ నుంచి లెక్కలు మారాయి. యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, టర్నోవరు 10 కోట్ల లోపు అయితే సూక్ష్మ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్ల లోపు అయితే చిన్న. కాబట్టి ఐస్ ఫ్యాక్టరీ ఒక్కటే నడిపేవాళ్ళు దాదాపు అందరూ 5 శాతంలోకే వస్తారు. షరతు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పెట్టబోయే యంత్రం వల్ల ఇంధనం కనీసం 10 శాతం ఆదా అవ్వాలి. అవుతుందని చెబితే చాలదు, చూపించాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. రోజుకి 30 టన్నుల ఫ్యాక్టరీ అనుకుందాం. టన్నుకి 70 యూనిట్లు కాలుతోంది. రోజుకి 2100 యూనిట్లు. చేపలు, రొయ్యల పట్టుబడులు లేని రోజులు తీసేసి ఏడాదికి 250 రోజులు నడిచిందనుకుందాం. అయిదు లక్షల 25 వేల యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే 36 లక్షల 75 వేలు. దీన్ని టన్నుకి 56 యూనిట్లకి దించితే 20 శాతం ఆదా. అంటే ఏడాదికి 7 లక్షల 35 వేలు. ఇందుకోసం 24 లక్షలు లోను తీసుకున్నారనుకోండి. 10 శాతం వడ్డీ అయితే మొదటి ఏడాది 2 లక్షల 40 వేలు. అందులో సర్కారు భరించేది సగం, లక్షా ఇరవై వేలు.

ఇప్పుడు చెప్పండి. ఏది పెద్దది? లక్షా ఇరవై వేలా, ఏడు లక్షల ముప్ఫై అయిదు వేలా? సబ్సిడీ చిన్న డబ్బండీ. అసలు డబ్బు మీ బ్రైన్ ట్యాంకులో, అంటే ఐసు డబ్బాలు ముంచే చల్లటి ఉప్పునీళ్ళ ట్యాంకులో, వేడి అమ్మోనియాని చల్లార్చే మీ కండెన్సర్ గొట్టాల మీద కరిగిపోతోంది. మరి పథకం ఎందుకు? అది మీ చేత కొలిపిస్తుంది. ఆడిట్ లేకుండా లోను లేదు, కొలత లేకుండా రాయితీ లేదు. ఈ పథకంలో నాకు అన్నిటికంటే విలువైన భాగం అదే.

కొలత అన్నానుగా. ఒక టన్ను ఐసుకి నిజంగా ఎంత కరెంటు కావాలి? 30 డిగ్రీల నీళ్ళని సున్నాకి దించాలి, గడ్డకట్టించాలి, ఆ దిమ్మని ఇంకా మైనస్ 8కి తీసుకెళ్ళాలి. కిలోకి మొదటిదానికి 126 కిలోజౌళ్ళు, రెండోదానికి 334, మూడోదానికి 17. మొత్తం 477. టన్నుకి చూస్తే 132 యూనిట్ల వేడిని బయటికి లాగాలి. ట్యాంకు గోడల నుంచి, మూతల నుంచి లోపలికొచ్చే వేడి కలిపితే 150 పైచిలుకు. మంచి కండిషన్లో ఉన్న అమ్మోనియా కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి లాగుతుంది. అంటే 50. పంపులు, బ్రైన్‌ని కదిలించే ఆజిటేటరు కలిపితే 58 అటూ ఇటూ. మీ ఫ్యాక్టరీలో 75, 80 కాలుతుంటే ఆ మిగతా ఇరవై ఎక్కడికి పోతున్నట్టు?

ఆపరేటర్లు ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. రెండు గేజీల సంగతి.

మొదటిది హెడ్ ప్రెషర్ గేజీ, కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్ళే అమ్మోనియా ఒత్తిడి చూపించేది. అమ్మోనియా 35 డిగ్రీల దగ్గర ద్రవంగా మారాలంటే సుమారు 180 పీఎస్ఐ ఒత్తిడి చాలు. 40 డిగ్రీలైతే 210. మీ గేజీ ఎంత చూపిస్తోంది? 210, 220 చూపిస్తుంటే "ఎండాకాలం కదండీ" అంటాం. ఎండాకాలం ఒక్కటే కారణం కాదు. కండెన్సర్‌లో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కరెంటు ఇంచుమించు 3 శాతం ఎక్కువ కాలుతుంది. అయిదు డిగ్రీలంటే 12 నుంచి 15 శాతం. మనం పైన అనుకున్న ఫ్యాక్టరీలో అది ఏడాదికి నాలుగు లక్షల పైమాటే.

ఎందుకు పెరుగుతుంది? ఒకటి, గొట్టాల మీద సున్నం. మన బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. అవే నీళ్ళు తిరుగుతూ ఆవిరవుతూ ఉంటే గొట్టాల మీద తెల్లగా పెంకు కడుతుంది. పాచి కూడా తోడవుతుంది. రెండు, వ్యవస్థలో గాలి. ఇది కంటికి కనపడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

గాలి ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? కంప్రెసర్ ఆపేయండి. కండెన్సర్ మీద నీళ్ళు మాత్రం తిప్పుతూ ఉండండి. లోపలికెళ్ళే నీళ్ళు, బయటికొచ్చే నీళ్ళు ఒకే ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగండి. 30 డిగ్రీలు వచ్చిందనుకోండి. 30 డిగ్రీల దగ్గర అమ్మోనియా ప్రెషర్ సుమారు 155 పీఎస్ఐ. గేజీ 155 చూపిస్తే గాలి లేదు. 175 చూపిస్తే? ఆ పైన ఉన్న 20 గాలిదే. ఆ గాలిని కూడా మీ కంప్రెసర్ రోజంతా నొక్కుతోంది. ఈ పరీక్షకి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. థర్మామీటరు, అమ్మోనియా టేబుల్ కాగితం, సరిగ్గా చూపించే గేజీ చాలు. గేజీ సరైనదేనా అనేది ముందు చూసుకోండి. ముల్లు ఎప్పుడూ ఒక్కచోటే నిలబడి ఉండే గేజీలతో ఫ్యాక్టరీలు నడపకూడదు.

గాలి తీసేటప్పుడు గొట్టం చివర నీళ్ళ బకెట్‌లో ముంచుతారు. అమ్మోనియా నీళ్ళలో కలిసిపోతుంది, గాలి బుడగలై పైకొస్తుంది. బుడగలు ఆగి చిటపట మొదలైతే వస్తున్నది అమ్మోనియా, వాల్వ్ కట్టేయాలి. మాస్కు, కళ్ళద్దాలు లేకుండా ఈ పని చెయ్యొద్దు. ఒక్కరే చెయ్యొద్దు. తెలిసిన ఆపరేటర్ చేతే చేయించండి. ఇది బతిమాలి చెబుతున్నాను. అసలు ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు రిపేరుకి విప్పినప్పుడు, ఆయిల్ పోసినప్పుడు. విప్పిన భాగాన్ని వాక్యూమ్ చెయ్యకుండా మూసేస్తే గాలి లోపలే ఉండిపోతుంది.

రెండోది సక్షన్ గేజీ, కంప్రెసర్ లోపలికి లాగే అమ్మోనియా ఒత్తిడి చూపించేది. బ్రైన్ మైనస్ 8, మైనస్ 9 దగ్గర ఉంటే అమ్మోనియా దానికంటే అయిదారు డిగ్రీలు చల్లగా, మైనస్ 15 దగ్గర మరిగితే సరిపోతుంది. గేజీ మీద సుమారు 20 పీఎస్ఐ. అదే 14 చూపిస్తోందంటే మైనస్ 19కి వెళ్ళిపోయిందన్నమాట. నాలుగు డిగ్రీలు. మళ్ళీ డిగ్రీకి 3 శాతం. పైగా కంప్రెసర్ లాగే సామర్థ్యం కూడా పడిపోతుంది, దిమ్మ గడ్డకట్టడానికి ఎక్కువ గంటలు పడుతుంది.

ఎందుకు పడిపోతుంది? కంప్రెసర్ నుంచి వచ్చే ఆయిల్ అమ్మోనియాలో కలవదు, అడుగుకి దిగుతుంది. బ్రైన్‌ని చల్లబరిచే కాయిల్ అడుగున, గోడల మీద పట్టి వేడిని రానివ్వదు. వారానికోసారి డ్రెయిన్ చెయ్యాలి. ఎంత ఆయిల్ పోశారు, ఎంత తీశారు అనేది రాసుకుంటే లోపల ఎంత ఉండిపోయిందో తెలుస్తుంది.

ఇక్కడ ఒకదానికొకటి ముడిపడి ఉన్న చిక్కు ఒకటుంది. బ్రైన్‌లో మామూలు ఉప్పు 20 శాతం ఉంటే, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.15 చూపిస్తుంది, అది మైనస్ 16 దాకా గడ్డకట్టదు. మరి డబ్బాలు నింపేటప్పుడు నీళ్ళు పొర్లి ట్యాంకులో పడుతున్నాయి కదా? రోజూ కాస్త కాస్త. ఉప్పు పలచబడుతుంది. అదే సమయంలో ఆయిల్ వల్ల సక్షన్ మైనస్ 19కి పడింది. ఇంకేముంది, కాయిల్ మీద బ్రైనే గడ్డకడుతుంది. ఆ ఐసు పొర వేడిని ఇంకా అడ్డుకుంటుంది. సక్షన్ ఇంకా పడుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, దిమ్మ మాత్రం లోపల గుల్లగా వస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? "కంప్రెసర్ చాలట్లేదు, పెద్దది కొందాం" అంటాం. లోనుకి పరిగెత్తుతాం.

కంప్రెసర్ చాలకపోవడం కాదండీ. వారానికోసారి హైడ్రోమీటర్ ముంచి చూసి, తగ్గితే ఉప్పు వేసి, ఆయిల్ తీసి, గాలి తీసి, సున్నం గోకితే పాత కంప్రెసరే చాలవచ్చు. ఈ పనులకి లోను అక్కర్లేదు, సర్కారు అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది అడిగే తెలివైన ప్రశ్న ఒకటుంది. "ముందే ఇవన్నీ బాగుచేసుకుంటే వాడకం తగ్గిపోతుంది కదా, తర్వాత కొత్త యంత్రం పెడితే ఆదా తక్కువ కనిపిస్తుంది, 10 శాతం రాదేమో?" న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం, ముందే బాగుచేసుకోండి. ఎందుకంటే చెడిపోయిన వ్యవస్థని చూసి యంత్రం సైజు లెక్కేస్తే అవసరానికి మించినది కొంటారు. అది సగం లోడుతో నడుస్తూ పదిహేనేళ్ళు కరెంటు తింటుంది. ఆడిటరుకి బాగున్న ఫ్యాక్టరీని చూపించండి. అప్పుడు ఆయన చెప్పే ఆదా నిజమైనది అవుతుంది.

మరి లోను వేటికి? ఆరుబయట గొట్టాల మీద నీళ్ళు పోసే పాత అట్మాస్ఫెరిక్ కండెన్సర్ తీసేసి, నీళ్ళతో పాటు ఫ్యాన్ గాలి కూడా కొట్టే ఎవాపరేటివ్ కండెన్సర్ పెట్టడం. హెడ్ ప్రెషర్ దిగుతుంది, నీళ్ళ పంపు చిన్నదవుతుంది. నాలుగైదు సార్లు రీవైండింగ్ అయిన మోటార్ల స్థానంలో తక్కువ కరెంటు తినే ఐఈ3 లేదా ఐఈ4 రకం మోటార్లు. రీవైండింగ్‌లో కాయిల్ కాల్చి తీసేటప్పుడు కోర్ దెబ్బతింటే ప్రతిసారీ ఒకటి రెండు శాతం పోతుంది. ట్యాంకు ఇన్సులేషన్ తడిసిపోయి ఉంటే దాన్ని మార్చడం. లోడు మారుతూ ఉండే చోట పంపులకి, ఫ్యాన్లకి వేగం తగ్గించే డ్రైవ్‌లు. వేగం 80 శాతానికి తగ్గితే కరెంటు సగానికి దిగుతుంది. కానీ రోజంతా పూర్తి వేగంతో నడవాల్సిన దానికి డ్రైవ్ పెడితే ఏమీ రాదు, అమ్మేవాడు చెప్పినా పెట్టొద్దు.

ఇంకోటి, డబ్బాల్లో పోసే నీళ్ళు. 32 డిగ్రీల నీళ్ళని 20కి దించి పోయగలిగితే కిలోకి 50 కిలోజౌళ్ళు తగ్గుతాయి, అంటే పదో వంతు. డబ్బాలు ముంచి దిమ్మలు వదిలించే ట్యాంకులో నీళ్ళు చల్లబడి ఉంటాయి కదా. ఆ నీళ్ళనే డబ్బాల్లో పోయకండి. డబ్బా అంచున అంటిన బ్రైన్ అందులో కలుస్తుంది, రొయ్యలకి వెళ్ళే ఐసు అది. ఆ ట్యాంకులో స్టెయిన్‌లెస్ గొట్టం చుట్టలు వేసి, మంచినీళ్ళు వాటిలోంచి పంపించి చల్లార్చుకోండి. ఇది మీ ఊళ్ళో వెల్డరే చేసిపెడతాడు.

సరే, ఇప్పుడు పథకం దారి. ఉద్యమ్, అంటే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ ఉండాలి. అడీటీ పోర్టల్లో నమోదు. ఆ తర్వాత ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ ఎనర్జీ ఆడిట్, అంటే బ్యాంకు నమ్మి డబ్బు పెట్టగలిగేంత వివరంగా చేసే ఆడిట్. దాని మీద డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక. అది పట్టుకుని బ్యాంకుకి. లోను మంజూరై, యంత్రం పెట్టాక మళ్ళీ కొలత. అంచనా వేసిన ఆదా వచ్చిందో లేదో తేలుస్తారు. రాయితీ దాని మీద.

ఎక్కడ ఆగిపోతుందో చెప్తాను. చాలా చోట్ల ఆగేది కాగితాల దగ్గర కాదు, అంకెల దగ్గర.

ఒకటి, ఆడిట్‌కి ముందే యంత్రం ఆర్డరిచ్చేస్తారు. సీజను వచ్చేస్తోందని తొందర. పాత యంత్రం స్క్రాపుకి వెళ్ళిపోయాక అది ఎంత తిన్నదో ఎవరు చెప్పగలరు? మొదటి కొలత లేకపోతే ఆదా అనే మాటకే అర్థం లేదు.

రెండు, ఒకటే మీటరు. ఐస్ ఫ్యాక్టరీ, పక్కన కోల్డ్ రూము, ఎదురుగా ఇల్లు, అన్నీ దాని మీదే. కంప్రెసర్‌కి విడిగా సబ్ మీటరు పెట్టండి. సీటీ అంటే పెద్ద కరెంటుని మీటరు కొలవగలిగేంతకి తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని రేషియో సరిగ్గా సెట్ చేశారో లేదో, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో ఒకసారి సరిచూడండి. 200/5 సీటీ పెట్టి మీటర్లో 100/5 అని ఉంచేస్తే ఏడాది రీడింగులు సగమే చూపిస్తాయి.

మూడు, దిమ్మల లెక్క. "రోజుకి 200 దిమ్మలండీ" అంటారు. దిమ్మ బరువెంత? పాత డబ్బాలు, కొత్త డబ్బాలు కలిసి ఉంటాయి, కొన్ని పైదాకా నింపుతారు, కొన్ని నింపరు. వారానికి పది దిమ్మలు తూచి సగటు రాయండి. కరెంటు యూనిట్లలో, ఐసు దిమ్మల్లో ఉంటే టన్నుకి ఎంత అనేది తేలదు.

నాలుగు, కాలం. మొదటి కొలత ఏప్రిల్లో, రెండోది డిసెంబరులో. ఆదా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ అందులో చలికాలం వాటా ఎంత? నీళ్ళ ఉష్ణోగ్రత రెండు సార్లూ రాసి ఉంటే సవరించవచ్చు. రాసి లేకపోతే వాదనే మిగులుతుంది.

అయిదు, ఇది మన దగ్గర ప్రత్యేకం. లీజు ఫ్యాక్టరీలు. కరెంటు కనెక్షన్ యజమాని పేరు మీద, ఉద్యమ్ లీజుదారు పేరు మీద, బ్యాంకు ఖాతా భాగస్వామ్య సంస్థ పేరు మీద. లోను ఎవరికి ఇవ్వాలి? లీజు ఇంకో రెండేళ్ళే ఉంటే బ్యాంకు ఏడేళ్ళ లోను ఎందుకిస్తుంది? ఇది ఆడిట్‌కి ముందే, యజమానితో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఆదా ఎవరి జేబులోకి వెళ్తుందో కూడా ఆ ఒప్పందంలోనే రాసుకోండి.

బిల్లు గురించి కూడా చెప్పాలి. హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్ ఉన్నవాళ్ళకి బిల్లు కేవీఏహెచ్ మీద వస్తుంది, నిజంగా పనికొచ్చిన కరెంటు మీద కాదు, లైను నుంచి లాగిన మొత్తం మీద. అంటే పవర్ ఫ్యాక్టర్, లాగినదాంట్లో పనికొచ్చిన వాటా, 0.9 ఉంటే, నిజంగా వాడినదానికంటే 11 శాతం ఎక్కువ యూనిట్లకి కడుతున్నట్టు. పవర్ ఫ్యాక్టర్ పెంచే కెపాసిటర్లు ఉన్నాయి కదా అనకండి. మూడేళ్ళ కింద పెట్టినవి ఉబ్బిపోయి, ఫ్యూజు పోయి, పేరుకే ఉంటాయి. ఒక్కో దాని కరెంటు క్లాంప్ మీటరుతో చూస్తే అయిదు నిమిషాల పని.

ఆ తర్వాత కాంట్రాక్టెడ్ డిమాండ్, అంటే కరెంటు సంస్థతో ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ లోడు, దీన్ని కేవీఏల్లో లెక్కేస్తారు. వాడినా వాడకపోయినా అందులో 80 శాతానికి డిమాండ్ చార్జీ పడుతుంది. 150 కేవీఏ తీసుకున్నారు, అందులో 80 శాతం 120. పొదుపు పనులన్నీ చేశాక మీ గరిష్ఠ డిమాండు 95కి దిగింది. అయినా 120కే కడతారు. కేవీఏకి నెలకి 475 రూపాయల లెక్కన, ఆ 25 కేవీఏకి నెలకి 11,875. ఏడాదికి లక్షా నలభై రెండు వేల అయిదు వందలు. ఇందాక వడ్డీ రాయితీ ఎంత అనుకున్నాం? లక్షా ఇరవై వేలు. చూశారా! డిస్కంకి డిమాండ్ తగ్గించమని ఒక్క దరఖాస్తు పెట్టకపోతే, ఢిల్లీ నుంచి వచ్చే రాయితీ మొత్తం, ఇంకా పైన ఇరవై వేలు, అక్కడ పోతుంది. అయితే తొందరపడి తగ్గించకండి. ఒక పూర్తి సీజను, ఎండాకాలం పీక్‌తో సహా, డిమాండు రీడింగులు చూసి అప్పుడు తగ్గించండి. తగ్గించాక దాటితే అదనపు చార్జీ పడుతుంది.

ఇక ఆపరేటర్లకి. రేపటి నుంచి రెండు గంటలకోసారి రాయాల్సినవి అయిదు: హెడ్ ప్రెషర్, సక్షన్ ప్రెషర్, బ్రైన్ ఉష్ణోగ్రత, కండెన్సర్ నీళ్ళ ఉష్ణోగ్రత, సబ్ మీటరు రీడింగు. షిఫ్టు చివర తీసిన దిమ్మలు. వారానికోసారి హైడ్రోమీటర్, తీసిన ఆయిల్. అంతే. షిఫ్టు అయిపోయాక కూర్చుని ఒకే పెన్నుతో పన్నెండు గంటలవీ నింపకండి. ఆడిటరుకి ఆ పేజీ చూడగానే తెలిసిపోతుంది, అన్ని గళ్ళలో 180, 20, 180, 20 అని ఉంటుంది. నిజం రీడింగు 193 ఉంటే 193 అనే రాయండి.

యజమానులకి ఒక్క మాట. ఆపరేటర్ 215 అని రాస్తే ఆయన మీద కేకలు వెయ్యకండి. వేస్తే రేపటి నుంచి 180 అని రాస్తాడు, గొట్టాల మీద సున్నం మాత్రం అలాగే ఉంటుంది.

మూడు నెలలు ఇలా రాసిన లాగ్ బుక్కు, పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఉద్యమ్ కాగితం, లీజు ఉంటే ఆ ఒప్పందం. ఈ నాలుగూ ఒక ఫైల్లో పెట్టుకున్నాక ఆడిటర్ని పిలవండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు ఆపరేటర్లు.